తొడల కింద చేతులు

ఆ చెవిటి పిల్లల బడిలో అప్పట్లో ఒకటే చట్టం: చేతులు ఊపకూడదు. పాఠం అయ్యేదాకా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. పెదాలు చూసి తెలుసుకోవాలి, నోటితోనే జవాబు చెప్పాలి. సైగలు మరిగితే మాట రాదని పెద్దల నమ్మకం. పాపం, వాళ్ళు మంచికే అనుకున్నారు. తిమ్మిరెక్కింది మాత్రం పిల్లల వేళ్ళు.

సైగ చేసినవాళ్ళను పట్టిచ్చే పని ఆయాది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే! ఆమె కూతురూ అక్కడే ఐదో తరగతి. ఇంటికెళ్ళి తలుపేసుకుంటే ఆ తల్లీకూతుళ్ళ కబుర్లకు నాలుగు చేతులూ చాలేవి కావు.

ఏడాది చివర బయటినుంచి పరీక్షాధికారి వచ్చాడు. రాసిన జవాబుకు మార్కుల్లేవు. నోటితో చెప్పలేనివాళ్ళకు ఆ రోజుతో చదువు సరి. పిల్ల లెక్కల్లో చురుకే గానీ గొంతులోంచి ఒక్క అంకె తిన్నగా రాదు. మూడు రోజులుగా ఆయాకు ముద్ద దిగలేదు.

"ఏడు తొమ్మిదులు ఎంతమ్మా?" అడిగాడు పరీక్షాధికారి.

పిల్ల నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ అడిగేసరికి తొడ కింది చేయి దానంతటదే లేచి వేళ్ళు విప్పింది. గుమ్మంలో నిలబడ్డ ఆయా, ఇంటికొచ్చిన చుట్టాలకు పిల్ల సైగలు విప్పి చెప్పే అలవాటు కొద్దీ, పైకే అనేసింది.

"అరవై మూడంటోందండీ."

అనేసి నాలుక కరుచుకుంది. హెడ్మిస్ట్రెస్ మొహం మాడిపోయింది.

"సైగలా! అయినా జవాబు నువ్వే చెప్తున్నావేమో, ఎవరికి తెలుసు?"

"అయ్యో, నాకు రెండో ఎక్కమే రాదండీ!"

ఆమెకు చదువు రాకపోవడం ఆ ఒక్క రోజే అక్కరకొచ్చింది. పరీక్షాధికారి పకపకా నవ్వి, పది లెక్కలు కాగితం మీద రాసి పిల్లకు చూపించాడు. పిల్ల వేళ్ళు ఆడించింది, తల్లి పైకి చెప్పింది. పదీ ఒప్పే.

"ఇది మాట పరీక్షండీ," అంది హెడ్మిస్ట్రెస్.

"నేను మార్కులేసేది చదువుకండీ, గొంతుకు కాదు. వచ్చే ఏడు ఈవిణ్ణి గుమ్మంలో కాదు, తరగతిలో నిలబెట్టండి."

ఆయాకు నెత్తిన పాలు పోసినట్టయింది. వసారాలోకి వెళ్ళి కూలబడి, కరువుతీరా ఏడ్చింది. ఆ కన్నీళ్ళు చూసి పిల్ల బెదిరిపోయి, చాటుగా వేళ్ళు కదిపింది: తప్పానా?

హెడ్మిస్ట్రెస్ చూస్తూనే ఉంది. ఆయా రెండు చేతులూ ఎత్తి, బడంతా చూసేలా జవాబిచ్చింది: లేదు తల్లీ, రేపూ బడికి రావాలి.