రెండుసార్లు ముగిసిన సంవత్సరం

పరుపుల ఫ్యాక్టరీ అకౌంటెంటుని అందరూ డబుల్ బాబాయ్ అనేవారు. ఏ పనైనా రెండుసార్లు చేస్తే గానీ ఆయనకు ముద్ద దిగదు. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి లాగి చూసేవాడు. అలా లాగీ లాగీ ఆ తాళం మూరెడు సాగిందనీ, పక్కింటివాళ్లు దానిమీద తువ్వాళ్లు ఆరేసుకునేవారనీ చెప్పుకునేవారు.

ఆ రోజు నాలుగింటి రైలుకి భార్యతో కలిసి కూతురి దగ్గరికి వెళ్లాలి. మనవరాలు పుట్టింది, తాతయ్య ఇంకా మొహం చూడలేదు.

"ఏడాది లెక్కలు ముగించి, లాభమెంతో తేల్చి కదులు" అన్నాడు యజమాని.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ నొక్కితే చాలు. అమ్మకాలు, ఖర్చులు సున్నా అయిపోయి, మిగిలింది లాభం ఖాతాలోకి చేరుతుంది. బాబాయ్ నొక్కాడు. ముగిసిందని తెర మీద పడింది. ఇంత తేలిగ్గానా అని ఆయనకు గుబులు పట్టుకుంది. పాత అలవాటు కొద్దీ ఆ ముగింపు ఎంట్రీలే చేత్తో మళ్లీ వేశాడు.

తెర చూసిన యజమాని పరుపుల గుట్ట మీద పల్టీ కొట్టాడు. "అనుకున్నదానికి రెట్టింపు లాభమయ్యా!" అంటూ రెండో ఫ్యాక్టరీ కట్టమని మేస్త్రీకి ఫోన్ చేసేశాడు.

"ఎక్కడో తేడా కొడుతోంది సార్" అని నసిగాడు బాబాయ్.

"అయితే అది తేలేదాకా సెలవు లేదు!"

బాబాయ్ బిల్లులన్నీ వెతికాడు. మళ్లీ వెతికాడు. ఇంతలో భార్య పెట్టెలతో దిగింది.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటండీ?"

"లాభం రెట్టింపైందే. ఎందుకో అంతు చిక్కట్లేదు."

"చిక్కడానికేముంది? పొద్దున నా కాఫీలో చక్కెర వేసి, వేశానో లేదోనని మళ్లీ వేశారా లేదా? ఇదీ అలాగే వేసుంటారు!"

బాబాయ్ నాలుక కరుచుకున్నాడు. చేత్తో వేసినవన్నీ తీసేశాడు. లాభం అసలు లెక్కకు దిగింది. యజమాని మేస్త్రీకి మళ్లీ ఫోన్ చేసి, "ఫ్యాక్టరీ వద్దులే, గేటుకి రంగెయ్యి చాలు" అన్నాడు.

అప్పటికి నాలుగు దాటింది. రైలు కూత వినిపించింది. ఆవిడ పెట్టె మీద కూలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

బాబాయ్ మెల్లగా జేబులోంచి టికెట్లు తీశాడు. "అది తప్పిపోతుందేమోనని... ఆరింటి బండికి కూడా తీశానే."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఈ ఒక్కదానికి మాత్రం మిమ్మల్నేమీ అనను. పదండి."

తెల్లారేసరికి తాతయ్య మనవరాలి మొహం చూశాడు. చూసి గుమ్మందాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ చూశాడు.