షరతు మీద తెచ్చిన పెట్టె

మా క్యాతగానచెర్లులో ఒకప్పుడు సంజీవప్ప మామ చెయ్యి వేయకుండా ఎవరూ ఎద్దును కొనేవాళ్ళు కాదు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి, అంగన్‌వాడీలో టీచరుగా చేరి పందొమ్మిదేళ్ళు. మామది మా పక్కిల్లే. మొదట్లో తెల్లవారితే చాలు, ఆ గడప ముందు ఎవరో ఒకరు నిలబడి "మామా, సంతకు పోదాం పా" అనేవాళ్ళు. మామ తువ్వాలు భుజాన వేసుకొని బయల్దేరేవాడు. పళ్ళు చూసేవాడు, సుడులు చూసేవాడు, తోక ఎత్తి చూసేవాడు, నాలుగడుగులు నడిపించి చూసేవాడు. సరే అంటే సరే. వద్దంటే, అమ్మేవాడు కాళ్ళబేరానికి వచ్చినా వద్దే.

తర్వాత సోలార్ వచ్చింది. మామ ఎనిమిదెకరాలూ పలకల కిందికి పోయాయి. ఏటా గుత్త డబ్బు బ్యాంకులో పడుతుంది, కొడుకు నాగరాజకు ఆ పలకల దగ్గరే కాపలా ఉద్యోగం. తిండికీ బట్టకీ లోటు లేదు. కానీ దున్నే నేల లేని ఊరికి ఎద్దులెందుకు, ఎద్దులు లేని ఊరికి మామ ఎందుకు? ఆయన్ను ఏదైనా అడగడమే మానేశారు జనం. ఒకసారి మా ఇంటికి మిక్సీ తెస్తే, పిలవకుండానే వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి "కాళ్ళు గట్టిగుండాయి" అని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

అలాంటి మామ దగ్గరికి పోయిన శ్రావణంలో కోడలు, నాగరాజ భార్య సవిత వచ్చింది. "మామా, టీవీకి తగిలించే పెట్టె ఒకటి ఉండాదంట. ఫోన్లో వచ్చేవన్నీ టీవీలో పెద్దగా కనపడతాయంట. పావగడలో రామప్రసాద్ శెట్టి అంగడిలో పెట్టినారు. కొనేదా వద్దా, నువ్వు వచ్చి చూసి చెప్పు" అంది.

ఆ పిల్లకు కావలసింది సంచి మోసే తోడు. మామకు అందింది మాత్రం పెద్ద పిలుపు. స్నానం చేసి, పెళ్ళిళ్ళకు తొడిగే తెల్ల చొక్కా తొడిగాడు. బస్సు వచ్చేలోపే సంగతి ఊరంతా పాకింది. "సంజీవప్ప సరే అంటే మేమూ తీసుకుంటాం" అని ఏడిళ్ళవాళ్ళు చెప్పి పంపారు. వాళ్ళలో మూడో ఇంటి బైలప్ప అందరికన్నా ముందు. ఇన్నేళ్ళ తర్వాత మామ మాటకు మళ్ళీ విలువ వచ్చింది. ఇప్పుడు తప్పు చెప్పాడా, ఉన్న పేరు కూడా పోతుంది. బస్సులో ఆయన దారి పొడుగునా తువ్వాలు మడుస్తూ విప్పుతూనే ఉన్నాడు. నాకూ ఆ రోజు పావగడలో మీటింగు, అదే బస్సు ఎక్కాను.

సవిత గాజులంగడి ముందు ఆగిపోయింది. నేనూ మామా లోపలికి వెళ్ళాం. రామప్రసాద్ అరచేతిలో పట్టేంత నల్ల పెట్టెను బల్ల మీద పెట్టాడు.

"ఇంతేనా?" అన్నాడు మామ. చేత్తో తూచాడు, వేలితో తట్టాడు, వాసన చూశాడు. "ఎన్నో ఈతది శెట్టీ?"

రామప్రసాద్ పగలబడి నవ్వాడు. "ఈ ఏడాదిదే పెద్దాయనా."

"మేత?"

"నెట్టు."

"ఎంత తింటాది?"

"చూసినంత తింటాది."

"అట్ల మాట నమలగూడదు శెట్టీ. మేత సంగతి నమిలినాడంటే వాని పశువు తిండిపోతని అర్థం. అన్నీ ఊరికే చూపిస్తాదా?"

"కొన్ని ఊరికే. కొన్నిటికి నెలనెలా కట్టాల."

మామ పెట్టెను బల్ల మీద పెట్టి, సంతలో చెప్పేటట్టే చెప్పాడు. "మూడు దినాలు ఇంట కట్టేసి చూస్తా. కుదిరితే నీ డబ్బు నీకు. కుదరకపోతే నీ సొత్తు నీకు."

విప్పిన పెట్టెను వెనక్కి తీసుకోరనీ, ఈ కాలంలో అలాంటివి కుదరవనీ రామప్రసాద్ చెప్పబోయాడు. మామ కదల్లేదు. చివరికి రామప్రసాదే దిగొచ్చాడు. "మా తాత గానుగెద్దును నువ్వే చూసిచ్చినావంట. తీస్కపోప్పా, నీతో యాడ వాదించేది!"

అప్పుడు మామ అట్టపెట్టె తెరిచి, అందులోని వైర్లు రెండూ బయటికి తీసి, చక్కగా చుట్టి, కళ్ళకద్దుకొని రామప్రసాద్ చేతిలో పెట్టాడు. "ఇవి నీవి." రామప్రసాద్ ఇంకెవరికో ఫ్యాను చూపిస్తూ, వీళ్ళింట్లో వేరే వైర్లు ఉన్నాయేమో అనుకొని సొరుగులో వేసేశాడు. పశువును అమ్మినా దాన్ని కట్టే పలుపుతాడును అమ్మినవాడే ఉంచుకుంటాడు. పలుపు దాటితే కొట్టంలో లక్ష్మి కూడా దాటుతుందని మా వైపు నమ్మకం. కొన్నవాడు తన పలుపు తాను తెచ్చుకోవాలి. ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన మర్యాద. అందుకని పదిమంది పిల్లలకు చదువు చెప్పే నేను కూడా, ఎంత పద్ధతి గల మనిషి అనుకుంటూ పక్కన నిలబడి తలూపాను!

సాయంత్రం మామ ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. మామ భార్య ఓబక్క అత్త పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి హారతిచ్చింది. సవిత టీవీ వెనక చెయ్యి పెట్టి వెతికి, అట్టపెట్టె బోర్లించి దులిపి, "మామా, వైర్లు యాడ?" అంది.

"శెట్టి దగ్గర. పలుపుతో సహా పశువును ఎవరన్నా ఇస్తారా?"

నవ్వులతో ఇల్లు అదిరిపోయింది. ఓబక్క అత్త నవ్వీ నవ్వీ హారతి పళ్ళెంతో సహా నేల మీద కూలబడింది. బైలప్ప కుంకుమ బొట్టుతో ఊరికే కూర్చున్న పెట్టెను చూసి "కొత్తిల్లు గదా, మేత ముట్టలేదు" అన్నాడు. నాకు నవ్వుతో పొట్ట నొప్పి పుట్టింది. అంగడిలో నేనూ పక్కన నిలబడి తలూపానని మామ చెప్పేస్తాడేమోనన్న భయంతో ఇంకా గట్టిగా నవ్వాను.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్ళి మామ వైర్లు తెచ్చాడు. నిన్నటి దినం లెక్కలోకి రాదని రామప్రసాద్‌తో ఒప్పించుకొని మరీ వచ్చాడు.

సవిత తన ఫోన్లోని నెట్టును పెట్టెకు కలిపింది. టీవీ వెలిగింది, నడుమ ఒక గుండ్రం గిరగిరా తిరిగింది. "మొకం మధ్యన సుడి" అని మామ పెదవి విరిచాడు. సుడి పోయింది. సవిత ఏదో వెతికి, ఏ ఊరిదో తెలియని ఒక పశువుల జాతరను పెట్టింది. తెల్లటి కోడె ఒకటి గోడంత టీవీలో నిలబడింది. కొనేవాడు దాని వీపు నిమురుతున్నాడు.

మామ లేచి నిలబడ్డాడు. టీవీ ముందుకు వెళ్ళాడు. "ఒరే, వీపు కాదురా, ఎనకాల ఎడమకాలు చూడు! వద్దురా, కొనొద్దు!"

"వానికి నీ మాట వినపడదు మామా" అంది సవిత.

"నడిపించి చూడమని చెప్పు!"

ఆ మనిషి మామ మాట విన్నట్టే కోడెను నడిపించాడు. నాలుగో అడుగులో ఎడమకాలు ఈడ్చింది. ఇంట్లో ఈలలు, చప్పట్లు! బైలప్ప మామను అమాంతం ఎత్తుకున్నాడు. అరవై దాటిన మనిషి గాల్లో వేలాడుతూ "దించురా, ఇంగా పళ్ళు చూడాల!" అని కేకలు. ఆ మూడు రోజులూ ఊరి జనానికి వేరే పని లేదు. ఇంకొకటి పెట్టు, ఇంకొకటి పెట్టు. మామ ఒక్కో పశువు గుణం చెప్పడం, అందరూ ఊపిరి బిగబట్టడం. మామ గొంతు బొంగురుపోయింది. అన్నం తింటూ కూడా ఓబక్క అత్తకు కోడెల గురించే చెప్పాడు.

మూడో రోజు సాయంత్రం ఏడిళ్ళవాళ్ళూ తీర్పు కోసం వచ్చి కూర్చున్నారు. మామ తెల్ల చొక్కా తొడుక్కొని నిలబడ్డాడు. దాచకుండా చెప్పాడు.

"మేత బలే ఎక్కువ. సవిత ఫోన్లో ఏ దినం నెట్టు ఆ దినం ఒక్క పూటలోనే మేసేసింది. సగం తలుపులకు తాళాలు, తీయాలంటే డబ్బు. కరెంటు పోతే మూగది. ఇన్ని పలకలున్న ఊళ్ళో కూడా కరెంటు పోతాది గదా, అది పెట్టె తప్పు కాదనుకో. గుణాలు మీరూ చూసినారు."

"అయితే కొనొద్దంటావా?" అన్నాడు బైలప్ప.

మామ పెట్టె వైపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు. ఈయనకేమైందని నాకు గుబులు పుట్టింది.

"నేను చెప్పగూడదప్పా" అన్నాడు చివరికి. "పశువు మీద మనసు పడినోడు బేరంలో ఉండగూడదు. నీకు గుర్తుందో లేదో బైలప్పా, అప్పుడు ఆ ఎర్రావు మీద ఆశపడినావని నిన్ను సంత బయట నిలబెట్టినాను. ఇప్పుడు నాదే మనసు పడింది. దీన్ని తిరిగిచ్చేయమంటే నాకు ఏడుపొస్తాది. సరే అని చెప్తే, ఆ మాట నాది కాదు, ఆశది. మీ ఏడిండ్లను నేను మోసం చేయలేను."

పెట్టె పోయినా సరే, మాట మాత్రం పోకూడదని ఆయన పట్టు. అందరినీ చూసి చూసి, ఓబక్క అత్త వైపు తిరిగాడు. నలభై ఏళ్ళ కాపురంలో మేకపిల్లను కొన్నప్పుడు కూడా ఆమెను అడిగిన పాపాన పోలేదు.

"నువ్వు చెప్పు. కొనేదా, వద్దా?"

అత్త చెంగుతో చేతులు తుడుచుకుంది. నన్నేనా అడిగేది అన్నట్టు నా వైపోసారి చూసింది.

"పెట్టె మంచిదో చెడ్డదో నాకేం తెలుసు" అంది. "ఈ మూడు దినాలు నువ్వు బాగుండావు. కొను."

మామ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొని అట్లాగే కూర్చుండిపోయాడు. సవిత ఆయన పక్కన కూర్చొని వీపు మీద చెయ్యి వేసింది. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. ఎన్నేళ్ళుగానో గోడ అవతలి నుంచి ఆ ఇంటి మౌనం వింటున్నదాన్ని కదా, నాకంత సంతోషం వేసింది.

కాసేపటికి బైలప్ప గొంతు సవరించుకున్నాడు. "అది సరే అక్కా, మా సంగతి? మేము కొనేదా, వద్దా?"

"మీ ఇండ్లల్లో ఆడోళ్ళను అడిగి చూడండి" అంది ఓబక్క అత్త.

ఏడిళ్ళ మగవాళ్ళూ లేచి, వాకిట్లో చెప్పులు వెతుక్కున్నారు.