చెల్లెలి కొడుకు వీడియో

నర్సరీ బడిలో టీచరైన ఆమె, పసిపిల్లల ప్రత్యేక విద్యలో ఆన్‌లైన్ పీజీ చదువుతోంది. చెల్లెలు ప్రతి ఆదివారం కొడుకుతో వచ్చేది. నాలుగేళ్ళొచ్చినా వాడికి మాటలు రాలేదు. వాడి ఆటను చెల్లెలికి చెప్పకుండానే వీడియో తీసి, ఓ ఆదివారం ఇంట్లోంచే ఆన్‌లైన్ క్లాసులో చూపించింది.

"ఈ బాబు పిలిస్తే పలకడు, మొహంలోకి చూడడు" అని గడగడా చెప్పుకుపోతుంటే, కాఫీ తెచ్చిన చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అడిగితే నేనే తీసిచ్చేదాన్నిగా అక్కా."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. "తల్లినడక్కుండా తీశాను మేడం, తప్పయింది" అని పాఠం చెప్పే లెక్చరర్‌తో క్లాసులో అందరి ముందూ ఒప్పుకుని వీడియో డిలీట్ చేసింది.

చెల్లెలు ఫోన్లో మామూలుగానే మాట్లాడుతోంది. ఆదివారాలు మాత్రం రావడం లేదు. ఎందుకు రావట్లేదని అడగడానికి ఆమెకు మొహం చెల్లడం లేదు.