డింప్నా కుడి చెయ్యి

మా ఊళ్ళో ఎండ కాసే రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా పెళ్ళిళ్ళకీ, గుర్రప్పందేలకీ ఆడవాళ్ళంతా నిన్ననే స్పెయిన్ నుంచి దిగినట్టు గోధుమ రంగులో మెరిసిపోతూ వస్తారు. ఆ ఎండంతా నా హెయిర్ సెలూన్ వెనక గదిలో కాసిందే. ఆ గది డింప్నా హార్టీది. పదిహేడేళ్ళుగా నేను ముందు గదిలో జుట్లు కత్తిరిస్తుంటే, వెనక గదిలో ఆవిడ మనుషులకు రంగు పూస్తోంది.

సన్నగా, పొట్టిగా ఉంటుంది. నోరు మాత్రం అంత చిన్నది కాదు. ఒంటికి రంగు పట్టించుకోడానికి వచ్చినవాళ్ళు భయపడితే కసురుతుంది. "లోపలికేం పోదమ్మా. నీ ఒంటి పైన చచ్చిన చర్మం ఒక పొర ఉందిగా, దాని మీదే దీని ఆటంతా. ఇదో రకం చక్కెర. ఆ పొరకి తగిలితే, పొయ్యిలో రొట్టె పైన ఎర్రబడుతుందే, అలా ఎర్రబడుతుంది. మంట ఉండదు, అంతే తేడా. పొర రాలిపోయేకొద్దీ రంగూ పోతుంది. వారం. ఈ రంగు ఉంది కదా అని ఎండలో పడుకునేవు, అది నిన్ను కాపాడదు. కాలిపోతావ్."

ఒక నియమం మాత్రం ఎప్పుడూ తప్పలేదు. పెళ్ళికూతురికి ఏ సీసా తీస్తుందో, ఆ రోజు ముందు ఆ సీసా తన ఒంటికి పట్టించుకుంటుంది. రంగు తేడా కొడితే ముందు తన మీదే కొట్టాలట. ఇంత పంతం నేను డాక్టర్లలో కూడా చూడలేదు.

ఒక సెప్టెంబరులో మురిన్ లూసీ వచ్చింది. ముప్పై నాలుగేళ్ళది. తండ్రి కాన్‌కి తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి అరవై ఆవుల్ని ఒంటి చేత్తో నెట్టుకొస్తోంది. తన పెళ్ళికి చేతుల్లేని గౌను కొనుక్కుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించింది. మోచేతి దాకా ఇటుక రంగు, అక్కణ్ణించి పైకి పాల తెలుపు. మధ్యలో గీత గీసినట్టు ఉంది.

"బళ్ళో నన్ను మచ్చల ఆవు అనేవాళ్ళు," అంది నేల చూస్తూ. "ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, అంతా ఒకే రంగులో ఉండాలనుంది డింప్నా."

డింప్నా నవ్వలేదు. "ఉంటావు," అంది.

పెళ్ళి శనివారం. గురువారం మధ్యాహ్నం నేను జడ ఎలా కుదురుతుందో చూడ్డానికి, డింప్నా రంగు వెయ్యడానికి కలిసే మురిన్ వాళ్ళింటికి వెళ్ళాం. మురిన్ ముందు రోజే ఒళ్ళంతా గరుకు గుడ్డతో రుద్దుకుంది, కాళ్ళ మీది వెంట్రుకలు గీయించుకుంది. ఆ రోజు సెంటు, క్రీము ఏదీ ముట్టుకోలేదు. మోచేతులు, మోకాళ్ళు, మడమలు, వేళ్ళ కణుపుల మీద మాత్రం డింప్నా మామూలు క్రీము సన్నగా రాసింది. గరుకు చోట్లు రంగును ఎక్కువ తాగేస్తాయి, క్రీము లేకపోతే అక్కడ మురికిలా కనిపిస్తుంది. తర్వాత మెత్తటి చేతితొడుగుతో పాదాల నుంచి పైకి, గుండ్రంగా తిప్పుకుంటూ పూసింది. ముంజేతుల్ని ముట్టుకోలేదు. తెల్లటి జబ్బల మీద ఒక పూత, ఆరాక మరో పూత. ఆ గీత దగ్గర తొడుగు అంచుతో ఎంత సేపు అద్దిందో! చూస్తుండగానే గీత మాయమైంది. మురిన్ అద్దం ముందు నుంచి కదల్లేదు.

"ఎనిమిది గంటలు నీళ్ళు తగలకూడదు. చెమట పట్టకూడదు. వదులైన నల్ల బట్టలు వేసుకో. తర్వాత సబ్బు లేకుండా గోరువెచ్చటి నీళ్ళు, అద్దుకోవాలి గానీ తుడవకూడదు," అంది డింప్నా. అప్పుడే పెరట్లోంచి కాన్ కేక పెట్టాడు.

ఆవు ఈనుతోంది. దూడ తల, ఒక కాలు కనిపిస్తున్నాయి, రెండో కాలు వెనక్కి మడుచుకుపోయింది. పశువుల డాక్టరు గంట దూరంలో ఉన్నాడు. పక్క పొలం వాళ్ళు సంతకి వెళ్ళారు. బయట వాన. మురిన్ బూట్లందుకుంది.

డింప్నా గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఆ చెయ్యి ఇప్పుడు తడిస్తే ఆ గీత మళ్ళీ ఇంత బాగా కలవదు. చారలు పడుతుంది."

"ఆవు చచ్చిపోతుంది. జరుగు!"

"నేను వెళ్తా."

డింప్నా పశువుల కొట్టంలో అడుగు పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడకి ఆవులంటే హడలు, దూరంగా ఆవు కనిపిస్తే కారు అద్దం ఎక్కించుకుంటుంది. కాన్ చంకకర్రల మీద వంగి మా ఇద్దరి చేతులూ చూసి, ముందు నాతో అన్నాడు.

"బ్రీడా, నీది లావు, వద్దు. నువ్వు రా అమ్మాయ్. భుజం దాకా సబ్బుతో కడుక్కో. గట్టిగా!"

డింప్నా కుళాయి దగ్గర ఒక్క క్షణం ఆగింది. గంటన్నర కిందట పూసుకున్న రంగు ఇంకా పట్టలేదు. తర్వాత కుడి చెయ్యి మాత్రం నీళ్ళ కింద పెట్టింది. రంగంతా టీ నీళ్ళలా కారిపోయింది.

"చేతికి పొడుగు తొడుగు ఏది?" అంది డింప్నా.

"దాంతో పట్టు దొరకదు. చెయ్యి పెట్టు. లాగకు, లాగకు! ముందు తల వెనక్కి నెట్టు. కాలు దొరికిందా?"

"ఏదో దొరికింది పెద్దాయనా, ఏంటో నాకేం తెలుసు!"

కొట్టం గుమ్మంలో గొడుగు కింద నల్ల బట్టల్లో నిలబడ్డ మురిన్ అరిచింది: "గిట్టని అరచేతిలో దాచుకో డింప్నా! లోపల గీరుకోకూడదు. ఇప్పుడు మెల్లిగా ముందుకి తీసుకురా!"

డింప్నా ఏడుస్తోంది, తిడుతోంది. వదల్లేదు. రెండో కాలు వచ్చింది. కాళ్ళకి తాడు కట్టి, ఆవు ముక్కినప్పుడల్లా ఆవిడా నేనూ కిందికి లాగాం. దూడ జారి మా మీదే పడింది. ఊపిరి లేదేమో అనుకున్నా. డింప్నా దాని ముక్కులోంచి జిగురు తుడిచి, గడ్డి పరకతో గిలిగింత పెట్టింది, కాన్ చెప్పినట్టే. అది తుమ్మింది. డింప్నా ఆ పేడలోనే కూలబడి దూడని ఒళ్ళోకి లాక్కుంది.

శనివారం చర్చిలో మురిన్ నడిచి వస్తుంటే ఎక్కడా గీత లేదు. విందు తర్వాత రెండు చేతులూ పైకెత్తి డాన్సు చేసింది. నేను పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషంగా ఉన్న చేతుల్ని చూడలేదు. కాస్త ఏడ్చాను కూడా.

డింప్నా చేతుల్లేని పచ్చ గౌనులో వచ్చింది. ఎడమ చెయ్యి నిగనిగలాడే గోధుమ రంగు. కుడి చెయ్యి భుజం దాకా తెల్లగా, చారలు చారలుగా ఉంది. పెళ్ళికొడుకు మేనత్త ఊరుకుంటుందా?

"ఏమమ్మా, సీసా సగంలో అయిపోయిందా?"

"లేదండీ. ఈ చెయ్యి ఆవులో పెట్టొచ్చాను," అంది డింప్నా, ఆ చేత్తోనే ఉప్పు అందిస్తూ.

నాకు ఒళ్ళు మండింది. పక్కకి లాగాను. "శుక్రవారమంతా ఖాళీగానే ఉన్నావుగా. దాన్ని సరిచేసుకోవడానికేం? పంతులమ్మకి పాఠం రాలేదని నవ్వుతారే!"

"నవ్వనీ. అరగంట పని, చెయ్యాలనిపించలేదు," అంది. కుడి చేతిని ముందుకి చాపి చూసుకుంది. "పదిహేడేళ్ళుగా ఈ చేత్తో నేను చేసిందంతా వారం తిరిగేసరికి రాలిపోయేదే కదా బ్రీడా. ఆ దూడొక్కటే లేచి నిలబడి పాలు తాగింది."