కార్డు మీద నా చెయ్యి

నా చిన్నప్పుడు నా మీద పడిన ఒక నిందను ఇంతవరకూ ఎవరూ వెనక్కి తీసుకోలేదు. పోనీలే అంటారు మావాళ్ళు. నేను పోనివ్వలేదు.

నాన్న పోయాక అమ్మా నేనూ వేంపల్లెలో మా పెదనాన్న ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయనకు శెనక్కాయల మండీ. అక్కడి కంప్యూటర్‌ను చూసుకోవడానికి, కర్నూలులో ఆ పని నేర్చుకున్న పక్కింటి అక్క వచ్చేది. నేను ఆమె పక్కన కూర్చుని చూసేదాన్ని.

తెర మీద బొమ్మ చూపించే కార్డు చెడిపోతే కడప నుంచి కొత్తది తెప్పించారు. దాన్ని బిగించాల్సిన రోజు ఆయుధపూజ. పొద్దున ఎవరూ లేనప్పుడు దాన్ని కవరులోంచి తీశాను. మన పొడి గాలికి ఒంట్లో కరెంటు పుడుతుందని, ఉత్త చేత్తో తాకితే కార్డు చచ్చిపోవచ్చని అక్క చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. గబుక్కున పెట్టేశాను. పెద్దమ్మ చూడనే చూసింది.

పూజలో పెదనాన్న తక్కెడకూ, తూకంరాళ్ళకూ, ఆ కార్డుకూ పసుపు కుంకుమ పెట్టారు. ముహూర్తం దాటిపోతుందని, అక్క వచ్చేదాకా ఆగకుండా తానే బిగించారు. స్విచ్చి వేస్తే కంప్యూటర్ డబ్బా కుయ్యికుయ్యిమంది. తెర నల్లగా ఉండిపోయింది. పొద్దున దాన్ని ఈ పిల్లే పట్టుకుందని పెద్దమ్మ చెప్పింది.

పెదనాన్న గొంతు పెంచలేదు. "నీ చెయ్యి పడినాకనే ఇది చచ్చె. మీయమ్మను మూట కట్టుకోమను, మీ మామోళ్ళింటికి పోదురు."

నేనే చంపానని నేనూ నమ్మాను. తలుపు దగ్గర అమ్మ ముఖం చూడలేకపోయాను.

అంతలో అక్క వచ్చింది. ఎవరు చేశారని అడగలేదు. కరెంటు తీగ పీకి, ఒంట్లో కరెంటు దిగిపోయేలా డబ్బా ఇనుమును ఒకసారి తాకి, కార్డు బయటికి తీసింది. గాడిలోకి దిగే అంచునున్న బంగారు రంగు పళ్ళ మీద తడి పసుపు, కుంకుమ మెత్తుకుని ఉన్నాయి.

"ఈడ బొట్టు పెట్టిందెవురు పాపా?"

పెదనాన్న అక్కడే నిలబడి ఉన్నారు. ఆయన వైపు ఒకసారి చూసి తల దించుకున్నాను.

"చెప్పొద్దులే. పెన్సిలు రుద్దే రబ్బరు ఎత్తుకరా."

పళ్ళు మెరిసేదాకా రబ్బరుతో రుద్ది, గుడ్డతో తుడిచి, నన్నూ ఇనుము తాకమని, కార్డు నా చేతికే ఇచ్చింది. నేను వద్దన్నాను.

"రెండు చేతుల్తో నిట్టనిలువునా నొక్కు. భయపడి సగంలో ఇడిస్తే అది సగంలోనే ఉంటాది."

నొక్కాను. కార్డు దిగే గాడి కింద పలక కిర్రుమంది. విరిగిందనుకుని కళ్ళు మూసుకున్నాను, చేతులు మాత్రం తీయలేదు. కార్డు లోపలికి దిగింది. స్విచ్చి వేస్తే కుయ్యిమని ఒక్కసారే అని, తెర మీద అక్షరాలు వచ్చాయి.

అంతా దేవుని దయ అని పెదనాన్న కొబ్బరికాయ కొట్టారు. పెద్దమ్మ చిప్పలు పంచింది. నా మీద వేసిన నింద సంగతి ఎవరూ ఎత్తలేదు. మేం మూట కట్టుకోలేదు, అంతే. ఆయన పోయేదాకా, నీ తప్పు కాదనే ఒక్క మాట కోసం చూశాను.

ఇప్పుడు మా ఇంట్లో ఏదైనా చెడిపోతే పిల్లలు గోడకు ఆనుకుని నా ముఖం చూస్తారు. ఎంత కోపం వచ్చినా, ఎవరు ముట్టుకున్నారని నేను అడగను. ముందు విప్పి చూస్తాను.