ఓబుళమ్మక్క కళ్లంలో గాలి

రెండు దేశాల విశ్వవిద్యాలయాలను ఒకేసారి నవ్వులపాలు చేయడం ఆషామాషీ పని కాదు. దానికి ఏళ్ల తరబడి చదువు కావాలి. నేను చదివాను కాబట్టే చేయగలిగాను. ఎలాగో వినండి.

అప్పుడు నేను అనంతపురంలో గాలి కరెంటు మీద పరిశోధన చేస్తున్నాను. మా యూనివర్సిటీ, డెన్మార్క్‌లోని మరో యూనివర్సిటీ కలిసి ఎక్కడ ఎంత గాలి వీస్తుందో లెక్క తీస్తున్నాయి. గాలికి గిరగిరా తిరిగే గిన్నెల యంత్రం ఒకటి ఇచ్చి, కళ్యాణదుర్గం పక్క గుట్ట మీద బిగించమని మా గైడు రాఘవయ్య సారు నన్ను పంపారు. గుట్టను చూడగానే నాకు మోకాళ్లు నొప్పి పుట్టాయి. ఎక్కకముందే! అంత ముందుచూపు నాది. కిందనే ఓబుళమ్మక్క వేరుశనగ కళ్లం, పక్కన రేకుల కొట్టం. ఆ కొట్టం మీదే బిగించేశాను. అక్క చెంబెడు మజ్జిగ ఇచ్చింది.

"ఏమప్పా, ఇది తిరక్కపోతే ఏమయితాది?"

సరదాకి మొహం వేలాడేశాను. "నాకు డాక్టరేటు రాదక్కా. మా నాయన ఇంట్లోకి రానీడు."

"అయ్యో పాపం! తిరుగుతాది లేప్పా, నువ్వు నిమ్మళంగా పో."

యంత్రం లెక్కలు నేరుగా మా ఆఫీసు కంప్యూటర్లోకి వచ్చేవి. జిల్లా అంతా ఆకు కదలని రోజుల్లోనూ ఆ కొట్టం మీద మాత్రం హోరు గాలి! అదీ ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం. ఆగితే టక్కున ఆగుతుంది.

"ఇట్లాంటి గాలి ప్రపంచంలో యాడా లేదప్పా!" అని సారు పూరీలా పొంగిపోయారు. డెన్మార్క్ ప్రొఫెసరమ్మ విమానమెక్కి వచ్చేసింది. గాలికి నా పేరు పెడతారన్న ఆశతో నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

తీరా ముగ్గురం వెళ్లి నిలబడితే గిన్నెలు కదల్లేదు. ప్రొఫెసరమ్మ టోపీతో విసురుకుంటోంది. ఆ చుట్టుపక్కల వీస్తున్న గాలి అదొక్కటే.

ఓబుళమ్మక్క పరుగున వచ్చింది. "ఏమనుకోగాకండి సారూ, పొద్దున్నుంచి కరెంటు లేదు."

"కరెంటుకూ గాలికీ ఏం సంబంధమమ్మా?" అన్నారు సారు.

"బలేవోళ్లే! కరెంటు లేకపోతే గాలి యాడ నుంచి వస్తాది?"

అక్క కొట్టం వెనక్కి చెయ్యి చూపించింది. కాయలు తూర్పారబట్టే పెద్ద ఫ్యాను ఒకటి, మెడ పైకెత్తి నా యంత్రాన్నే చూస్తోంది.

"ఇది తిరక్కపోతే సదువు రాదని ఈ పిల్లోడు చెప్పినాడు. నాకు మనసు ఊరుకోల్యా. మోటారు కరెంటు ఒక వారం పొద్దున, ఒక వారం మద్యాన్నం ఇస్తారు గదా, వచ్చినప్పుడల్లా ఏసి పెడ్తాండా."

సారు నెమ్మదిగా నా వైపు తిరిగారు. "అంటే, కరెంటుతో తీసిన గాలితో మనం కరెంటు తీద్దామనుకున్నామా?"

"ఔను సార్."

ఆ ముక్కే ప్రొఫెసరమ్మకు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నవ్వి నవ్వి కాయల కుప్ప మీద కూలబడింది. "ఆయమ్మకేమైందప్పా?" అని అక్క నీళ్లకు పరిగెత్తింది.

ఆ సాయంత్రమే యంత్రాన్ని భుజాన మోసుకుని గుట్ట ఎక్కాను, వెనక సారు తిట్లు తోసుకొస్తుంటే. పైన అసలైన గాలి వీచి, మా వెంటే ఎక్కిన ప్రొఫెసరమ్మ టోపీని ఎత్తుకుపోయింది. ఆమె చప్పట్లు కొట్టింది. రెండు యూనివర్సిటీల స్నేహం బతికింది.

అంతలో కింది నుంచి అక్క కేక: "ఆడ గాలి చాలకపోతే చెప్పప్పా! ఫ్యాను పైకి మోయిస్తా!"

వీచే ఆ గాలి సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేశాను: నా పరిశోధనలో ఏ ఫలితం రావాలో, మంచి మనసున్న మనుషుల చెవిన ఈ జన్మలో వేయను!