పెళ్లిచక్రాల సూరిబావ

సూరిబావ పరమపదించాడన్న కబురు నాకు ఒడియాలో అందింది. కొడల ఊళ్లో ఉదయం నా కొట్టు తలుపులు తీస్తుంటే, ఎదుటి మందుల దుకాణం మిత్రుడు రోడ్డు దాటి వచ్చి "తుమొ భిణోయి చాలిగలే" అన్నాడు, మీ బావ పోయాడని. పొద్దున్నే ఏం మాటలవి అని కసిరాను. ఫోను నా చేతికిచ్చి తల దించుకున్నాడు. అవతల మా సావిత్రక్క ఏడుపు వినిపించాక గాని నేను నమ్మలేదు. క్రితం సాయంకాలమే నాతో టైర్ల గాలి గురించి తగువు పెట్టుకున్న మనిషి తెల్లవారేసరికి కీర్తిశేషుడైపోతే ఎవరు మాత్రం నమ్ముతారు?

తరతరాలుగా బరంపురంలో బట్టల టోకు వ్యాపారం చేసే తెలుగు వర్తక కుటుంబంలో జన్మించి, బట్టల మూటలు కాదని కారు చక్రాల దుకాణం పెట్టిన ధీశాలి సూరిబావ. మా పెద్దమ్మ కూతురు సావిత్రక్కకు భర్త. తెల్లని పంచె, అత్తరు వాసన, నున్నగా దువ్విన జుట్టు, ఆ సింగారమంతా అయ్యాక చక్రాల మసిలో చేతులు. విందులో పక్కన కూర్చుంటే మనకు అన్నం సహించనిచ్చేవాడు కాదు. విస్తట్లో గారెను ఇరుసు మీద చక్రంలా తిప్పి చూపిస్తూ ఉపన్యాసం మొదలెట్టేవాడు. ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఇప్పుడు ఆ ఉపన్యాసం ఒక్కటి వినిపిస్తే చాలనిపిస్తోంది.

రామయ్యపట్నం నుంచి చేపల వ్యాపారి ఒకడు తన చిన్న కారుకి పెద్ద మెరుపు చక్రాలు కావాలని వచ్చాడు. బావ అతని పాత చక్రాన్ని ఒక చేతికీ, కొత్తదాన్ని మరొక చేతికీ ఇచ్చి, "ఏది బరువు?" అన్నాడు. కొత్తదే అన్నాడతను. "కారులోపల బరువేస్తే మోస్తే సాలు. సక్రంలో బరువేస్తే మొయ్యాల, తిప్పాల, మళ్లీ ఆపాల. ఇంజినుకీ బ్రేకుకీ ఎంత సాకిరీ సూడు" అన్నాడు బావ. పెద్దదైతే ఏమవుతుందని అతనడిగాడు. "నీళ్ల బిందె సంకనెట్టుకుని ఎంత దూరమైనా ఎల్తావు. అదే బిందె సెయ్యి సాపి పట్టుకుని నడు, సూద్దాం. సక్రం పెద్దదైతే బరువు ఇరుసుకి దూరమైపోతాది." అతను తల గోక్కున్నాడు. "మా ఊళ్లో అందరూ ఏసుకున్నారు కదా" అన్నాడు. బావ నవ్వి, "మెరవాలని కొనుక్కో, తప్పేటీ లేదు. పరిగెడతాదని మాత్రం కొనకు" అన్నాడు. అతను కొన్నాడు. బావే కూర్చుని ముచ్చటగా బిగించి పంపాడు.

తనకి మాత్రం ఆ మెరుపు మీద మోజు లేదని ఎవరు చెప్పగలరు? దుకాణంలో ప్రత్యేకంగా నాలుగు చక్రాలుండేవి. అద్దంలా మెరిసే ఆ భారీ చక్రాలను బంధువుల పెళ్లికారులకు ఉచితంగా బిగించేవాడు. వరుడి ఊరేగింపులో బాజాల వెనుక ఆ చక్రాలు తిరగకపోతే మా వాళ్లకి పెళ్లి జరిగినట్టే ఉండేది కాదు. లగ్గాల రోజులు రాగానే వాటిని తానే తుడిచి, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఒక్కటే షరతు. ఆ చక్రాలు సమతల మార్గానికే, ఘాటీ కొండదారి ఎక్కకూడదు.

నా పెళ్లి ఘాటీ పైన. భంజనగర్ దాటి కొండ ఎక్కితే వచ్చే చిన్న బజారు ఊరు మా అత్తవారిది. మామగారు శ్వాసరోగంతో మంచం పట్టి ఉన్నారు. వైద్యులు ఆశ వదిలేశారు. పద్మను తన చేతులతో కన్యాదానం చెయ్యాలన్న ఒక్క కోరికే ఆయన ప్రాణాన్ని నిలబెడుతోంది. పొద్దెక్కితే కూర్చోలేరని పురోహితుడు ఉదయపు ముహూర్తమే పెట్టాడు. అది తప్పితే ఆయన మళ్లీ లేచి కూర్చుంటారన్న నమ్మకం ఎవరికీ లేదు.

బావ నా పెళ్లికారుకీ ఆ మెరుపు చక్రాలే బిగించి, దాని నాలుగు పాత చక్రాలనూ కప్పు మీద కట్టించి, భంజనగర్‌లో వాటిని బిగించుకుని కొండ ఎక్కమని మా మేనమామకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. బంధువుల బస్సు ముందే వెళ్లిపోయింది. మేము బయల్దేరేముందు మా మామ ఏం చేశాడనుకున్నారు? పాత చక్రాలు దింపించి అరుగు మీద పెట్టించి, ఆ చోట అరిసెల బుట్టలు, కాజాల బుట్టలు కట్టించాడు! వియ్యాలవారింటికి వట్టి చేతులతో వెళ్లకూడదట. చక్రాలు మారిస్తే మెరుపు కూడా పోతుందట.

ఘాటీ మలుపుల్లో కారు మూలగడం మొదలెట్టింది. బరువుకి వెనక భాగం కుంగి, పెద్ద చక్రాలు పైరేకుకు రాసుకున్నాయి. రబ్బరు కంపు, క్లచ్చి కంపు కలిసి ముక్కు బద్దలైంది. బండి ఇక ఎక్కనని నిలబడిపోయింది. ఫోను పలకదు. కుర్చీలో కూర్చోబెట్టిన మామగారే నా కళ్ల ముందు మెదిలారు.

అప్పుడు కింది మలుపులోంచి బావ సామాన్ల వ్యాను వచ్చింది. మమ్మల్ని సాగనంపుదామని మా ఇంటికి వచ్చినవాడు అరుగు మీద చక్రాలు చూసి, కొట్టు మాట మరిచి, వాటిని వ్యానులో వేసుకుని వెంటబడ్డాడు. దిగీ దిగగానే నాతో "ఎక్కు" అన్నాడు. మేనమామ అడ్డం వచ్చాడు.

"పెళ్లికొడుకుని సామాన్ల బండిలో తీసుకెళ్తావేటి? మన పరువేటి కావాలి?"

"పరువు తరవాత మెల్లగా ఎక్కి వస్తాది మావా. ముందు పెళ్లికొడుకు ఎల్లాల."

పాత చక్రాలు మా కారు డ్రైవరుకి దింపి, బండి చల్లారాక బిగించమని చెప్పి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బావ కొండెక్కించాడు. దారిలో ఒక్క ఉపన్యాసం లేదు.

మేము దిగేసరికి పెళ్లింట బాజాలు ఆగిపోయి ఉన్నాయి. మామగారు కుర్చీలో ఒరిగిపోయి, కళ్లు మాత్రం గుమ్మం మీద పెట్టుకుని ఉన్నారు. నన్ను చూసి "వచ్చీసినావా బాబూ" అన్నారు. నేను పీటల మీద కూర్చున్నాను. పద్మ చెయ్యి నా చేతిలో పెట్టబోతే ఆయన చెయ్యి లేవలేదు. ఎవరూ పిలవకుండానే బావ వెనుక నుంచి వంగి, మసి చేతులతో ఆయన మోచేతిని ఎత్తి పట్టుకున్నాడు. మంత్రం పూర్తయ్యేదాకా వదలలేదు. మామగారి పట్టుబట్టకు మసి అంటింది. తలంబ్రాల వేళకు మా మేనమామ పాత చక్రాల మీద సుఖంగా కొండెక్కి వచ్చాడు. అరిసెలు కూడా వచ్చాయి.

పదహారు రోజుల పండుగ చూడకుండానే మామగారు వెళ్లిపోయారు. ఆ తర్వాత బావతో నేను దేశంలో ఉన్న ప్రతి విషయం మీదా తగువులాడాను గాని, ఈ ఒక్క ఋణం మాట ఎత్తితే ఆయనే నన్ను కసిరేవాడు. "ఊరుకోవోయ్, పని సూడు" అనేవాడు. అటువంటి ఆత్మబంధువు మా వంశంలో మళ్లీ పుడతాడని నేననుకోను.

నిన్న బరంపురంలో ఆయన్ని నట్టింట పడుకోబెట్టి ఉంచారు. పదిమందిలో కన్నీరు పెట్టని మనిషి నా భార్య. తిన్నగా వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. కాళ్లకు దణ్ణం పెట్టుకోమని ఎవరో పెద్దావిడ చెప్పింది. పద్మ కదల్లేదు. దుప్పటి తొలగించి, గీతల్లో నలుపు ఇంకా వదలని ఆ రెండు చేతులనూ తీసి కళ్లకద్దుకుంది.

"మా నాన్న సెయ్యి ఎత్తిన సేతులొదినా ఇవి" అంది సావిత్రక్కతో.